గురువారం ఇల్లు

దేశం వదిలి ఎడ్మంటన్‌కి వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఇక్కడ ఒక్క తెలుగింట్లోనూ మెతుకు ముట్టని మనిషి వెంకటసుబ్బయ్యగారు. పిలిస్తే వచ్చేవారు. నలుగురితో కూర్చునేవారు, టీ ఇస్తే తాగేవారు, పిల్లల చదువుల గురించి అడిగేవారు. కంచాలు బయటికి వచ్చే వేళకి మాత్రం కోటు వెతుక్కునేవారు. కొన్నాళ్ళు షుగర్ అన్నారు, కొన్నాళ్ళు బీపీ అన్నారు. ఆ రెండూ లేవని వాళ్ళావిడ జానకమ్మగారే నాతో చెప్పారు.

దాని మీద ఊళ్ళో ఎవరి అభిప్రాయం వాళ్ళకుండేది. మడి అన్నారు కొందరు. ప్రొఫెసర్‌గా చేసినవాడి గీర అన్నారు ఇంకొందరు. ఒకళ్ళింట్లో తింటే తిరిగి వాళ్ళకి పెట్టాల్సి వస్తుందని ఆయన భయం అని నేనన్నాను. నా నోరు మంచిది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో ఆయన తప్పు ఎంతుందో నా నోటి తప్పూ అంతే ఉంది.

ఆయన యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పారు. ఏ నేల ఎంత బరువు మోస్తుందో, గడ్డకట్టిన నేల కరిగితే దాని మీది ఇల్లు ఏమవుతుందో చెప్పడం ఆయన పని. మేమంతా మాస్టారూ అనే పిలిచేవాళ్ళం. ఎనభై ఏళ్ళొచ్చినా నడుం వంగలేదు. చిన్నతనం గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేవారు. "మాది గోదావరి లంకల దగ్గర చిన్న ఊరు. నాన్నగారు కరణం. పదెకరాల మాగాణి. నా పన్నెండో ఏట అమ్మా నాన్నా ఒకే వారంలో కలరాతో పోయారు. మేనమామ చదివించాడు." అంతే. నేను పదిసార్లు విని ఉంటాను. నిజంగా జరిగినవి చెప్పేటప్పుడు మనుషులు ఒకసారి పెరట్లో మామిడిచెట్టు కలుపుతారు, ఇంకోసారి కుక్క పేరు గుర్తు తెచ్చుకుంటారు. ఆయన ఒక్క మాట కలిపేవారు కాదు, ఒక్క మాట తీసేవారు కాదు. అందులో ఏదో తేడా ఉందని నాకప్పుడు తట్టలేదు.

జానకమ్మగారు నాగపూర్‌లో పెరిగిన లాయరుగారమ్మాయి. డెబ్బై ఒకటిలో ఈయన మూడు వారాల సెలవు మీద వెళ్ళి ఆవిడని చేసుకున్నారు. పెళ్ళికొడుకు తరఫున పీటల మీద కూర్చున్నది ఎవరో స్నేహితుడి తల్లిదండ్రులట. తల్లీ తండ్రీ లేని కుర్రాడని ఆవిడ నాన్నగారు కంటతడి పెట్టుకున్నారట. ఆ జాలి మీద కట్టిన సంసారం వాళ్ళది. ఆ కథ కూలితే ఇల్లూ కూలుతుందని ఆయన యాభై ఏళ్ళుగా భయపడుతూ ఉన్నారని మాకెవరికీ తెలియదు.

ఇక స్టూడెంట్ల సంగతి. రెండు వేల ఇరవై రెండు, ఇరవై మూడుల్లో మా ఊళ్ళో మిల్ వుడ్స్ అనే పేటలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగు వినిపించేది. మా వాట్సాప్ గ్రూపులో రోజూ అవే మెసేజ్‌లు. "హాయ్ అంకుల్, పార్ట్‌టైమ్ ఏమైనా ఉందా", "హాయ్ ఆంటీ, షేరింగ్ రూమ్ కావాలి". వాళ్ళలో మృదుల నాకు గుడిలో దొరికింది. సూర్యాపేట నుంచి వచ్చి ఏదో ప్రైవేటు కాలేజీలో చదువుతోంది. ఆదివారం భోజనాల దగ్గర మూడోసారి పులిహోర వడ్డించుకుని, గోడవైపు తిరిగి డబ్బాలో పెట్టుకుంటోంది. నేను చూడటం చూసింది.

"రూమ్మేట్‌కి ఆంటీ," అంది.

ఆరా తీస్తే రూమ్మేట్ లేనే లేదు. కేఫ్‌లో పని పోయి నెలన్నర. సరుకులు ఉచితంగా ఇచ్చే ఫుడ్ బ్యాంక్‌కి వెళ్ళొచ్చుగా అన్నాను. అక్కడి క్యూలో మన పిల్లల్ని ఎవరో వీడియో తీసి పెట్టారట. "మా నాన్నది ఎరువుల దుకాణం ఆంటీ. ఊళ్ళ అందరికీ తెలుసు. ఎవరన్న చూస్తే ఎట్లుంటది," అంది.

నాకు ఏదైనా చెయ్యాలనిపిస్తే ఆగలేను. నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టాను. ఆదివారం ఎలాగూ గుడి ఉంది. మిగతా రోజులు ఒక్కో ఇల్లు ఒక్కో పూట ఆ పిల్లకి అన్నం పెడితే చాలు. శుక్రవారం నేను తీసుకున్నాను. నా స్నేహితురాలు బేబీ మంగళవారం అంది, వాళ్ళ తోడికోడలు పద్మ శనివారం అంది. సోమ బుధవారాలకి ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. అందరం మహా ఉషారుగా ఉన్నాం. ఆ ఉషారులో నేను నోరు జారాను.

"ఇదేం కొత్త కాదు, పాతకాలం వారాలే," అన్నాను. వారాలంటే ఏమిటని బేబీ కూతురు ఇంగ్లీషులో అడిగితే చెప్పాను. బీదపిల్లలు పరాయి ఊళ్ళో ఉండి చదువుకోవాలంటే ఏడిళ్ళు మాట్లాడుకుని, వారంలో రోజుకో ఇంట్లో తినేవారని. అక్కడితో ఆగినా బాగుండేది. "మా అమ్మమ్మ వాళ్ళింటికి బుధవారం ఒకడు వచ్చేవాట్ట. మారు వడ్డించబోతే అన్నం వైపు చూడడట, అమ్మమ్మ మొహంలోకి గుడ్లప్పగించి చూసేవాట్ట. అందుకని వాడికి గుడ్లగూబ అని పేరు పెట్టింది. అసలు పేరు చివరిదాకా ఎవరికీ తెలీదు."

అందరూ నవ్వారు. వాడెలా చూసేవాడో కళ్ళు పెద్దవి చేసి చూపించాను. ఇంకా నవ్వారు.

వెంకటసుబ్బయ్యగారు లేచి నిలబడ్డారు. చేతిలో కప్పు టీ తాగకుండానే బల్ల మీద పెట్టేశారు. "ఆ పిల్లని ఇళ్ళ చుట్టూ తిప్పకండి," అన్నారు. "సరుకులు కొని ఆ బేస్‌మెంట్‌లో పడెయ్యండి. వండుకుంటుంది. గుమ్మాల్లో నిలబెట్టకండి."

"ఆ ఇంటాయన స్టవ్ ముట్టనివ్వడు మాస్టారూ. అయినా నలుగురి మధ్యా తింటుంది కదా," అన్నాను.

"నలుగురి మధ్యా," అన్నారాయన. "మా ఇంట్లో మాత్రం ఈ పని జరగదు. ఏ వారమూ జరగదు."

అప్పటికి జానకమ్మగారు గురువారం మాది అని చెయ్యెత్తి ఉన్నారు. ఆ చెయ్యి దించేసుకుని, ఎవరివైపూ చూడకుండా కోటు వేసుకున్నారు. గురువారం ఖాళీగా మిగిలిపోయింది. పిసినారి అని నేనన్న మాటకి నలుగురి ముందూ రుజువు దొరికింది కదా అని ఆ రోజు సంతోషించాను కూడా.

మృదుల రావడం మొదలుపెట్టింది. బస్సు దిగి, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని, తలుపు తీశాక కూడా రమ్మనేదాకా లోపలికి అడుగు పెట్టేది కాదు. తినే తీరు చూసి నా వంట మీద నాకే గౌరవం పెరిగింది. నిన్న ఏం తిన్నావు అని అడిగితే, "గురువారం ఉపవాసం ఆంటీ. బాబాకి మొక్కుకున్న," అంది. ఎంత మంచి పిల్ల అనుకున్నాను. గురువారం సమస్య తీరిపోయిందని గ్రూపులో పెట్టాను. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు.

మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"ఆ అమ్మాయి ఉపవాసం ఎప్పట్నించి చేస్తోందిట?"

"చిన్నప్పట్నించీ అనుకుంటానండీ."

"అడిగావా?"

"అడగలేదు."

 "సరేనమ్మా" అని పెట్టేశారు. పెద్దాయనకి చాదస్తం ఎక్కువైందనుకుని పనిలో పడ్డాను.

జనవరి రెండో వారంలో చలి మైనస్ నలభైకి దిగింది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా హీటర్ ప్లగ్ పెట్టి ఉంచిన కార్లు కూడా కదల్లేదు. సరిగ్గా ఆ వారమే బేబీ వాళ్ళ పెదమామగారు గుంటూరులో పోయారు. బేబీకీ పద్మకీ పది రోజులు మైల. మైల ఇంట్లో బయటివాళ్ళకి అన్నం పెట్టకూడదు కదా విద్యా అని బేబీ ఫోన్ చేసింది. అలా శనివారం పోయింది, మంగళవారం పోయింది. ఆదివారం చలికి గుడి మూసేశారు. సోమవారం పెడతామన్నవాళ్ళింట్లో పైపులు పగిలాయి. శుక్రవారం నాకు ఈవెనింగ్ షిఫ్ట్ పడింది. అన్నం ఫ్రిజ్‌లో పెట్టి, గరాజ్ తలుపు తెరిచే కోడ్ పంపి, వచ్చి తినమన్నాను. వచ్చి చూస్తే గిన్నె గిన్నెలాగే ఉంది. ఎవరూ లేని ఇంట్లో దూరి తినలేకపోయిందని తట్టాల్సింది. బయట తిందేమోలే అనుకుని ఆ అన్నం నేను తినేశాను.

ఈ పది రోజులు ఎవరైనా చూడగలరా అని గ్రూపులో అడిగాను. జవాబు ఒక్కటే వచ్చింది, అదీ మృదుల నుంచే. "నో ప్రాబ్లమ్ ఆంటీ, నేను మేనేజ్ చేస్త." నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం అదే.

బుధవారం పొద్దున్న ఎమర్జెన్సీలో రక్తం తియ్యాలని ల్యాబ్‌కి పిలుపొచ్చింది. ఆస్పత్రిలో నా ఉద్యోగం అదే. ట్యూబుకి అంటించే లేబుల్ మీద పేరు చదివి, మళ్ళీ చదివాను. బస్‌స్టాప్‌లో కళ్ళు తిరిగి పడిపోయిందట. గ్లవ్ ఊడిపోయి ఎడమ చెయ్యి మంచులో ఉండిపోయింది, ఎంతసేపన్నది ఎవరికీ తెలియదు. రెండు వేళ్ళు తెల్లగా, గట్టిగా అయిపోయాయి. కొసలు దక్కకపోవచ్చన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి నాకు నరం దొరకలేదు.

"మా అమ్మకి చెప్పకు ఆంటీ," అంది. అది తప్ప ఇంకేం అడగలేదు.

నేను జానకమ్మగారికి ఫోన్ చేశాను. నా డ్యూటీ అయ్యేసరికి ఇద్దరూ వచ్చారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆ పిల్ల తల నిమురుతూ, "ఇంత చలిలో ఉపవాసాలేమిటమ్మా, బాబా ఏమైనా అడిగాడా," అన్నారు.

"అవునాంటీ. ఇంక చెయ్య," అంది మృదుల.

"ఆ పిల్ల ఉపవాసం చెయ్యలేదు జానకీ."

ఆ మాట అన్నది వెంకటసుబ్బయ్యగారు. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది.

"నాకు సోమవారం ఇల్లు దొరకలేదు," అన్నారు. "నిన్న ఏం తిన్నావురా అని మంగళవారం వాళ్ళు అడిగితే, శివుడికి ఉపవాసం ఉన్నానండీ అనేవాణ్ణి. పదేళ్ళవాడికి ఎంత భక్తో అని మెచ్చుకునేవారు. మెచ్చుకున్నాక ఇంక సోమవారం ఎవరు పెడతారు?"

జానకమ్మగారికి అర్థం కాలేదు. "మీకేమిటండీ? మీ మేనమామగారు ఉండగా..."

"మేనమామ లేడు. పదెకరాలూ లేవు. నాన్న నేను పుట్టిన ఏడాదే పోయాడు. రామచంద్రపురంలో వారాలు చేసుకుని చదివాను, ఆరేళ్ళు." అప్పుడు నావైపు తిరిగారు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది. "మొహంలోకి ఎందుకు చూస్తారో మీ అమ్మమ్మగారికి తెలియలేదమ్మా. మారు వడ్డించేటప్పుడు గరిటె నిండుగానే వస్తుంది. అది మర్యాద. నిజంగా ఎంత తినచ్చో మొహంలో ఉంటుంది. అది చూసుకుని చాలు అనాలి. పొరపాటు పడితే వచ్చే వారం తలుపు తియ్యరు."

నేను వంగి మృదుల దుప్పటి సర్దాను. ఆయన ఆపలేదు.

"ఇంట్లో మనిషి పోతే పది రోజులు మైల. ఆ ఇల్లు లేనట్టే. మంగళవారం ఇంట్లో ముసలావిడ మంచాన పడితే, ఆవిడ బతకాలని నేను మొక్కుకున్నంతగా వాళ్ళ కొడుకులు మొక్కుకుని ఉండరు." ఆయన క్యారేజీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. "మూడు గురువారాలు పెరుగన్నం పట్టుకుని ఈ పిల్ల ఇంటిదాకా వెళ్ళాను. కారు దిగలేకపోయాను. తలుపు తీసి, క్యారేజీ చూసి మొహం ఎలా పెడుతుందో నాకు తెలుసు. పోనీ ఇంటికి పిలుద్దామంటే నువ్వు వడ్డిస్తావు జానకీ, తను నీ మొహంలోకి చూస్తుంది, నేనక్కడే కూర్చుని ఉంటాను. అప్పుడింక నోరు మూసుకోలేనని తెలుసు. నీకు తెలిసిపోతుందని ఈ పిల్లని మాడ్చాను."

జానకమ్మగారి చెయ్యి మృదుల తల మీద ఆగిపోయింది. "మీ అమ్మగారు?" అన్నారు.

ఆయన నేల వైపు చూస్తూ చెప్పారు. "కోటిపల్లి సత్రంలో వంట చేసేది. మన పెళ్ళినాటికి ఉంది."

"ఉన్నారా."

"వంటమనిషి కొడుక్కి మీ నాన్నగారు పిల్లనివ్వరనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు. డెబ్బై తొమ్మిదిలో పోయింది. రాఘవులని, చిన్నప్పటి స్నేహితుడు, డిపార్ట్‌మెంట్ అడ్రసుకి ఉత్తరం రాశాడు. ఉగాది రోజున అందింది."

"ఆ ఉగాదికి నేను బొబ్బట్లు చేశాను," అన్నారు జానకమ్మగారు మెల్లగా. "మీరు నాలుగు తిన్నారు. బాగున్నాయి, ఇంకోటి వెయ్యమన్నారు."

"మానేస్తే ఎందుకని అడుగుతావని."

మృదుల గోడవైపు తిరిగిపోయింది. దుప్పటి తల మీదికి లాక్కుంది. జానకమ్మగారు లేచి ఆయన చేతిలో క్యారేజీ తీసుకుని ఆ పిల్ల పక్కన బల్ల మీద పెట్టారు. "విద్యా, నన్ను ఇంటి దగ్గర దింపుతావా," అన్నారు. ఆయన వైపు చూడలేదు. 

సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. "మా అత్తగారు పోయారు విద్యా. కబురు ఇవాళే తెలిసింది. తలస్నానం చేశాను. పది రోజులు మైల పడుతున్నాను."

"నలభై అయిదేళ్ళయింది కదండీ," అన్నాను, తెలివితక్కువగా.

"విన్న రోజు నించే లెక్క."

"మరి మాస్టారు?"

"ఆయనకి కబురు అప్పుడే తెలుసుగా. ఆయన మైల ఎప్పుడు పట్టారో ఆయన్నే అడుగు. నేను ఒంటిపూట వండుకుంటాను, నాకొక్కదానికే."  అంతలో ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది. "వంట చేసేవారట విద్యా. వంట చేసేవారైతే నాకేమిటి? ఎనిమిదేళ్ళు బతికే ఉన్నారు. నా చేతి అన్నం ఒక్క పూట తినకుండా పోయారు."

మృదులని నాలుగో రోజు డిశ్చార్జ్ చేశారు. తెలిసినవాళ్ళెవరో ఉన్నారని సర్రీ అనే ఊరికి వెళ్ళిపోయింది. నాకు చెప్పలేదు. గ్రూపులో మృదుల లెఫ్ట్ అని ఒక లైను కనిపించింది, అంతే. ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యడం లేదు. క్యారేజీ నర్సుల దగ్గర వదిలేసి వెళ్ళింది. అన్నం తిందో పారేసిందో తెలియదు. గిన్నెలు శుభ్రంగా కడిగి ఉన్నాయి.

ఆ పై గురువారం సాయంత్రం నాలుగింటికి మా బెల్ మోగింది. ఒక్కసారే మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో ఎవరూ లేరు. మెట్లు దిగి, రెండడుగులు వెనక్కి, మంచులో వెంకటసుబ్బయ్యగారు నిలబడి ఉన్నారు. కారు లేదు, బస్సులో వచ్చినట్టున్నారు. గడ్డం మాసి, వారంలో మనిషి సగమయ్యారు.

"ఇవాళ గురువారమమ్మా," అన్నారు.

"లోపలికి రండి మాస్టారూ."

"మైలలో ఉన్నాను. ఇప్పుడు పట్టాను, చాతనైనట్టు. లోపలికి రాకూడదు. గరాజ్‌లో పెట్టగలవా?"

వద్దని నేనెంత చెప్పినా వినలేదు. గరాజ్‌లో టైర్ల పక్కన కుర్చీ వేశాను. ఆయన కుర్చీ జరిపి, అట్టపెట్టె ఒకటి విప్పి పరుచుకుని, కోటుతోనే కింద కూర్చున్నారు. అన్నం, గోంగూరపప్పు, చారు తెచ్చి వడ్డించాను. తల ఎత్తకుండా తిన్నారు, గబగబా, ఎవరో కంచం తీసేస్తారన్నట్టు. యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ తినని మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే లేచిపోతారని పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో జానకమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. "మాట్లాడదు," అన్నారు. "వాళ్ళ అత్తగారి ఫోటో ఉందా అని ఒక్కసారి అడిగింది. లేదన్నాను."

కంచం ఖాళీ అయింది. వేలితో తుడిచి మరీ తిన్నారు. నేను గరిటె నిండా అన్నం తీసుకుని వంగాను.

ఆయన తలెత్తారు. అన్నం వైపు చూడలేదు. నా మొహంలోకి చూశారు, కళ్ళు విప్పార్చుకుని, రెప్ప వెయ్యకుండా. నేను అందరి ముందూ చేసి చూపించి నవ్వించిన చూపు అదే. దాన్ని నిజంగా చూడటం నాకు అదే మొదలు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నవ్వాలని ప్రయత్నించాను. జాలి ఉండి ఉంటుంది, సిగ్గు ఉండి ఉంటుంది, ఈయన ఎప్పుడు వెళ్ళిపోతారా అన్న తొందర కూడా ఉండే ఉంటుంది.

"చాలమ్మా," అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు.